చిన్న ఒ, పెద్ద ఓ

ఏథెన్స్,
1960 అక్టోబరు 9

పెదనాన్నకి,

మీరు క్షేమమని నానమ్మ రాయించిన ఉత్తరంలో చూశాను. రాసిపెట్టింది కాఫీ కొట్టు ఆంథులా కాబట్టి మీ గురించి ఒక వాక్యం, ఆంథులా మోకాళ్ళ గురించి మూడు పేజీలు ఉన్నాయి. ఒకే ఇంట్లో ఉంటూ నానమ్మకి ఉత్తరం మీరే రాసిపెట్టొచ్చు కదా అని అడగను. ఆవిడ మాటలు రాస్తే మీ కలం మైలపడుతుంది.

నేరుగా పనిలోకి వస్తాను. ఉపాధ్యాయ పరీక్ష పాసయ్యాను. జాబితాలో పదకొండో పేరు నాదే. ఉద్యోగం కాగితం చేతికి రావాలంటే ముందు ఇంకో కాగితం కావాలి, సామాజిక భావాల ధ్రువపత్రం. నా బుర్రలో ఏముందో నాకంటే మన ఊరి పోలీసు సార్జెంటుకే బాగా తెలుసని ఆయన సంతకం పెట్టాలన్నమాట. ఈ దేశంలో లారీ నడపడానికీ అదే కాగితం, పురుడు పొయ్యడానికీ అదే కాగితం. పుట్టే పిల్లలకి మాత్రం ఇంకా అడగట్లేదు. ఏప్రిల్ నెలాఖరులోగా అది రాకపోతే నా పేరు కొట్టేసి పన్నెండో పేరు పిలుస్తారు. ఆ పన్నెండో అమ్మాయిని నేనెరుగుదును. వ్యాకరణం సున్నా, మేనమామ కర్నలు.

మీరు ముప్ఫై ఏళ్ళు ఆ ఊరి బడిలో పనిచేశారు. సార్జెంటు వారానికి మూడుసార్లు మీ ఇంట్లో కాఫీ తాగుతాడని ఆంథులా తన మోకాళ్ళ కబుర్ల మధ్యలోనే రాసింది. నాన్న పేరు అడ్డం పడుతుందని నాకు తెలుసు. పదకొండేళ్ళ కింద అంతర్యుద్ధంలో ఓడిపోయిన కమ్యూనిస్టులతో పాటు సరిహద్దు దాటిపోయాడు, పౌరసత్వం పీకేశారు, ఇప్పుడు తాష్కెంట్‌లో ఇటికలు పేర్చుకుంటున్నాడట. అంత దూరం నుంచి నా క్లాసురూములోకి ఏ ప్రమాదం విసురుతాడో నాకు తెలీదు. మీకు తెలిస్తే సార్జెంటుకి నచ్చజెప్పండి.

ఈలోగా నేను నిఘంటువు కార్యాలయంలో చీటీలు సర్దుతున్నాను. పొడుగు బల్లకి ఎదురెదురుగా ఆరుగురం. ఒక్కో వాడుకకి ఒక్కో చీటీ. ఎదుటివాళ్ళ చీటీని తలకిందులుగా చదవడం ఇక్కడ అందరికీ వచ్చేస్తుంది, ఈ కొలువులో నేర్చుకున్న విద్య అదొక్కటే. ప్రస్తుతం 'ప' దగ్గరున్నాం.

పొలిక్సేని


కరిదోరాహి,
1960 నవంబరు 20

సోదరపుత్రికయగు పొలిక్సేనికి,

నీ లేఖ అందినది. విశ్వవిద్యాలయమున ఐదేండ్లు చదివియు సంతలో గొర్రెల బేరమాడువారివలె వ్రాయుచున్నావు. తల్లి పోయి, తండ్రి పోరాని చోటికి పోయిన పిదప నిన్ను నా యింట పెంచి, నా శిష్యులందరికంటె మిన్నగా తీర్చిదిద్దిన ఫలము ఇదియా యని ఖేదపడితిని.

సార్జెంటుగారితో మాటలాడితిని. దక్షిణాదివారు, సజ్జనులు. విచారణలో ఊరివారు ముగ్గురు సాక్ష్యము చెప్పవలెనట. ఫారములో నాలుగవ ప్రశ్న ఇది: "దరఖాస్తుదారు తండ్రి పత్రియొతిస్ అగునా, కాదా?" అనగా దేశభక్తుడా, కాడా యని. ఇచ్చటనే చిక్కు. వారు దయతో ఒక మార్గము సూచించిరి. "నా తండ్రియగు స్తెర్యోస్‌తో నాకెట్టి సంబంధమును లేదు, అతనిని అసహ్యించుకొనుచున్నాను" అని నీవు సంతకము చేసి యానినా పట్టణపు పత్రికలో ప్రకటించినచో నాలుగవ ప్రశ్న విడిచిపెట్టుదురు. ముసాయిదా నేనే వ్రాసి ఇందుతో జతచేసితిని. 'అసహ్యించు' అను మాట నీకు కటువుగా తోచినచో 'గర్హించు' అని మార్చుకొనుము. శైలికి అదియే మేలు.

ఇక రెండవ సంగతి. మార్చి ఇరువదియైదున జాతీయ దినోత్సవమున ప్రధానోపన్యాసము నాదే. జిల్లా అధికారి విచ్చేయుదురు. విషయము: పత్రియొతిస్ అను పదము, దాని పుట్టుక, దాని మహిమ. నిఘంటువు కార్యాలయమున నున్నావు గనుక ప్రాచీన ఆధారములు సమకూర్చి పంపుము. నా సిద్ధాంతము నీకు బాల్యమునుండియు తెలిసినదే. 'పతిర్' అనగా తండ్రి, 'ఇఒస్' అనగా బాణము. తండ్రి గడ్డనుండి వెడలిన బాణమే దేశభక్తుడు! అందుచేతనే నేను ఈ పదమును చిన్న ఒ తో వ్రాయుదును. లోకమంతయు పెద్ద ఓ తో వ్రాయుచున్నది, అది పూర్వపు లేఖకుల పొరపాటు. మన లిపిలోని ఈ రెండు ఒ లకు పలుకుటలో భేదము లేదు గాని వ్రాతలో సత్యము దాగియున్నది. ఈ దేశమున దీనిని చిన్న ఒ తో వ్రాయువాడను నేనొక్కడనే యని గర్వముగా చెప్పగలను.

ఉపన్యాసము శోభించినచో సార్జెంటుగారి యెదుట నా మాటకు బరువు పెరుగును. గ్రహించెదవు గాక.

థ్రసివులోస్
విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
జాతీయోత్సవ సంఘాధ్యక్షుడు,
గ్రామ గ్రంథాలయ సంరక్షకుడు


ఏథెన్స్,
1960 డిసెంబరు 18

పెదనాన్నకి,

మీ ముసాయిదా చదివాను. 'గర్హించు' నిజంగానే బాగుంది. కన్నతండ్రిని పేపర్లో తిట్టేటప్పుడు కూడా శైలి చెడకూడదన్న మీ శ్రద్ధకి జోహార్లు. దాని వెనక తెల్లగా ఉంటే కూరగాయల జాబితా రాసుకున్నాను. సంతకం పెట్టను.

మీ పదానికి మాత్రం చాకిరీ చేశాను. నలభై రెండు చీటీలు తిరగేశాను. ముందు మీ బాణం సంగతి. 'ఇఒస్' అంటే బాణమే, ఒప్పుకుంటాను. కానీ అచ్చం అలాగే రాసే మాటలు ఇంకో రెండున్నాయి. ఒకదానికి అర్థం విషం, ఇంకోదానికి తుప్పు. తండ్రి విషం, తండ్రి తుప్పు, తండ్రి బాణం. ఏది కావాలో జిల్లా అధికారినే ఎంచుకోమనండి.

అసలైతే ఈ మూడిట్లో ఏదీ లేదు. చివరనున్నది ఒట్టి తోక. ఇపిరస్ ప్రాంతం వాణ్ణి ఇపిరోతిస్ అంటాం చూడండి, ఆ తోకే. 'ఫలానా చోటి వాడు' అని చెప్పే తోక. దానికి పెద్ద ఓ నే పడుతుంది, రెండు వేల ఏళ్ళ లేఖకులందరూ తాగి రాయలేదు. ముందున్నది తండ్రి అన్న మాటే. తండ్రి నుంచి తాతముత్తాతలు, వాళ్ళ నుంచి వాళ్ళ గడ్డ, ఆ గడ్డ నుంచి ఆ గడ్డవాడు. ఇందులో భక్తి ఎక్కడా లేదు. ప్రాణాలివ్వడం, జెండా ఊపడం ఏమీ లేవు. అవన్నీ పరదేశం వాళ్ళు ఈ మాటని అరువు తీసుకెళ్ళి, కొత్త బట్టలు తొడిగి మనకి తిరిగి పంపినప్పుడు వచ్చాయి. మనం గుర్తుపట్టక సలాం కొట్టాం.

ఇంకా మంచి భాగం ముందుంది, కూర్చుని చదవండి. మీరు పూజించే ఆ ప్రాచీనులు ఒకరినొకరు ఎప్పుడూ పత్రియోతిస్ అనుకోలేదు. హక్కులున్నవాళ్ళు పొలితిస్ అనుకున్నారు, పౌరుడని. పత్రియోతిస్ అన్న మాట హక్కుల్లేని వాళ్ళకి వాడారు. పరాయి అనాగరికులకి. ఒకే దేశం నుంచి పట్టుకొచ్చి అమ్మేసిన బానిసలకి. 'వీడూ వాడూ పత్రియోతిస్' అంటే ఇద్దరూ ఒకే రేవులో అమ్ముడుపోయారని. ఒక పాత పుస్తకంలోనైతే గుర్రాలకి వాడారు. నాటు గుర్రం అన్నమాట. మార్చి ఇరవై ఐదున మైకు ముందు నిలబడి నాటు గుర్రాల గురించి చెబితే వినడానికి నేను రెండు రోజులు బస్సులో కూర్చుని వస్తాను.

నవ్వకండి గానీ, మాట సరిగ్గా వాడేవాణ్ణి ఈ నగరంలో ఒక్కణ్ణే చూశాను. ఒమోనియా కూడలి మూల చెస్ట్‌నట్ కాయలు కాల్చి అమ్ముతాడు. నా మాట యాస విని, "ఎక్కడమ్మా మీది?" అన్నాడు.

"కరిదోరాహి."

"ఓసి పత్రియోతిస్సా! మాది వాగవతలే!" అని పొట్లం మీద ఇంకో గుప్పెడు కొసరు పోశాడు.

పక్కన ఉన్ని కోటు పెద్దమనిషి, "నాకెందుకు వెయ్యవోయ్?" అన్నాడు.

"తమది ఏ ఊరండీ?"

"ఏథెన్సే."

"మరింకేం, తమకి పార్లమెంటుంది కదా. మాకు ఈ గుప్పెడే."

మీ ఉపన్యాసానికి ఇంతకంటే మంచి వాక్యం నాకు దొరకలేదు.

పొలిక్సేని


కరిదోరాహి,
1961 జనవరి 22

పొలిక్సేనికి,

బానిసలా! గుర్రములా! మహావీరుల చిత్రపటముల క్రింద, విద్యార్థుల కవాతు ముగిసిన పిదప, జిల్లా అధికారి సమక్షమున, వీధిలో కాయలమ్మువాని మాటలు నేను పఠింపవలెనా? నీవు నవ్వుటకై వ్రాసితివో, నన్ను నవ్వులపాలు చేయుటకై వ్రాసితివో తెలియకున్నది. బాణము బాణమే. తగిన ఆధారములతో మరల వ్రాసి పంపుము.

నీవు సంతకము చేయనని వ్రాసిన వాక్యమును సార్జెంటుగారికి చూపలేదు. అది నా ఔదార్యము. మీ నాన్నమ్మకు నీ సంగతి చదివి వినిపించగా "మంచిపని చేసింది" యని పచ్చకూర పొదిగిన పిట రొట్టె చేసి ఇరుగుపొరుగునకు పంచినది. వృద్ధులకు ఇట్టివి తెలియవు.

మరియొక సంగతి. యానినా నుండి మీ నాయన పాత ఫైలు ఏథెన్సునకు పంపబడినదట. నిన్ను పిలిచి ప్రశ్నించవచ్చును. వినయముగా నుండుము. ఆ ఫైలులో ఏమున్నదో నాకు తెలియదు. 1949లో ఎవరు ఏమి వ్రాసిరో ఇప్పుడెవరికి జ్ఞాపకము? ఆ దినములలో అందరును ఏదో యొకటి వ్రాసినవారే.

థ్రసివులోస్
విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
జాతీయోత్సవ సంఘాధ్యక్షుడు


ఏథెన్స్,
1961 ఫిబ్రవరి 19

పెదనాన్నకి,

1949 గురించి నేనడగలేదు. మీరే చెప్పారు.

పిలిచారు, వెళ్ళాను. ఆ అధికారి నువ్వుల చక్రం రొట్టె నములుతూ ఫైలు తిప్పుతున్నాడు. ప్రతి పేజీ మీదా నువ్వులు రాలుతున్నాయి.

"మీ నాన్న ఉత్తరాలు రాస్తాడా?"

"ఏడాదికొకటి."

"ఏమని?"

"అక్కడ వేసవిలో పుచ్చకాయలు బాగుంటాయని."

"ఇంకా?"

"చలికాలంలో ఉండవని."

ఆయన నా వంక చూసి, నేను తెలివితక్కువదాన్నో టెక్కుదాన్నో తేల్చుకోలేక మళ్ళీ పేజీ తిప్పాడు. సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. ఆయన పక్కకి తిరిగి వాళ్ళావిడతో ఆకుకూరేదో తేవడం గురించి పోట్లాడుతుండగా ఫైలు బల్ల మీద తెరిచే ఉంది. నాకు తలకిందులుగా. నిఘంటువు వాళ్ళ ముందు తలకిందులుగా కాగితం పెడితే దాచినట్టు కాదు పెదనాన్నా.

1949 డిసెంబరు 11. నాన్న పౌరసత్వం రద్దు చెయ్యడానికి ఆధారంగా తీసుకున్న సాక్ష్యం. ఒకే ఒక్క వాక్యం, ఎంత చక్కటి భాషో, ఒక్క విభక్తి కూడా తప్పలేదు: "కరిదోరాహి గ్రామస్థుడగు స్తెర్యోస్ పత్రియొతిస్ కాడని నా మనస్సాక్షిగా తెలుపుచున్నాను."

కింద సంతకం మీద నువ్వులున్నాయి, కనపళ్ళేదు. అక్కర్లేకపోయింది. ఆ మాట చిన్న ఒ తో రాసి ఉంది.

ఈ దేశంలో అలా రాసేది మీరొక్కరే. మీరే గర్వంగా చెప్పారు, నవంబరు ఇరవై ఉత్తరంలో. కావాలంటే తిరిగి పంపిస్తాను.

1940లో ఇటలీ వాళ్ళ మీద యుద్ధానికి పోయి అల్బేనియా మంచులో రెండు కాలివేళ్ళు పోగొట్టుకున్న మనిషి గురించి మీరు ఇది రాశారు. ఆ ఏడు మీరు దేశం కోసం ఏం పోగొట్టుకున్నారో ఆలోచించి చూశాను. మీ కళ్ళజోడు ఒకటి పగిలినట్టు గుర్తు.

పొలిక్సేని


కరిదోరాహి,
1961 మార్చి 5

పొలిక్సేనికి,

నీ లేఖను రెండు దినములు మడచియుంచి మూడవ దినమున మరల తెరచితిని.

వ్రాసితిని. కాదనను. వారు అడిగిరి. ఇంటినుండి ఒకడైనను వ్రాయవలెను, లేనిచో ఇంటికి ముద్ర వేసి స్వాధీనము చేసికొందుమనిరి. అమ్మను ఖైదీల దీవికి పంపుదుమనిరి. అప్పటికే ఆమెకు డెబ్బదియేండ్లు. నీకు పండ్రెండు. నిన్ను ఏ బడిలోను చేర్చుకొనరాదని ఆజ్ఞ వచ్చియుండెడిది. వాడు అప్పటికే వెళ్ళిపోయినాడు. వెళ్ళిన వానికి ఒక్క వాక్యము వలన ఏమి పోయినది? ఉన్న మీ యిద్దరికి ఇల్లు మిగిలినది. నీకు చదువు వచ్చినది. ఆ చదువుతోనే ఇప్పుడు నన్ను తలక్రిందులుగా చదువుచున్నావు.

నేను వ్రాయకున్నచో ఇంకొకడు వ్రాసియుండును. వాడు వ్యాకరణదోషములతో వ్రాసియుండును.

ఉపన్యాసము మాత్రము పంపుము. ఆహ్వానపత్రములు అచ్చయినవి.

థ్రసివులోస్
విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు


ఏథెన్స్,
1961 మార్చి 14

పెదనాన్నకి,

"ఇంకొకడు వ్యాకరణదోషాలతో రాసేవాడు" అన్న వాక్యాన్ని బల్ల దగ్గర అందరికీ చదివి వినిపించాను. ఎవరిదని చెప్పలేదు. 'పరువు' అన్న మాటకి ఉదాహరణగా వాడుకోవచ్చని ఒకాయన చీటీ కూడా తీశాడు.

ఇల్లు మిగిలింది, నిజం. నేను చదువుకున్నాను, అదీ నిజం. ఆ ఒక్క వాక్యం అందుకే అయ్యుంటే నోరు మూసుకునేదాన్ని. కానీ సాక్ష్యం డిసెంబరు పదకొండున. మిమ్మల్ని బడికి ప్రధానోపాధ్యాయుణ్ణి చేసింది జనవరిలో. ఆ రోజు నానమ్మ వాల్‌నట్ మిఠాయి చేసింది, నేను నాలుగు తిన్నాను, అందుకే నెల గుర్తుంది. ఇల్లు, నానమ్మ, నేను, ఇవన్నీ బేరం. మరి ఆ కుర్చీ? కొసరా?

తమ్ముణ్ణి తూకం వేసి అమ్మి, కొసరు కూడా అడిగి తీసుకున్నారు. ఆపైన పదేళ్ళు ఆ కుర్చీలో కూర్చుని మా చేత దేశభక్తి మీద వ్యాసాలు రాయించారు. నాకు రెండుసార్లు మొదటి బహుమతి ఇచ్చారు.

ఉపన్యాసం జతచేశాను. చిన్నదే. యథాతథంగా ఇది:

"సభకి నమస్కారం. పూర్వం హక్కులున్నవాణ్ణి పొలితిస్ అనేవారు. హక్కులు పోయి, ఊరు పోయి, ఎక్కడో పరాయి చోట పని చేసుకుంటూ, 'నువ్వెవరివి' అంటే ఫలానా గడ్డవాణ్ణి అని తప్ప చెప్పుకోడానికి ఏమీ మిగలనివాణ్ణి పత్రియోతిస్ అనేవారు. పౌరసత్వం ప్రభుత్వం ఇస్తుంది, ప్రభుత్వమే తీసుకుంటుంది. ఇది ఎవరూ ఇవ్వలేదు గనక ఎవరూ తియ్యలేరు. ఈ లెక్కన మన ఊరికి నికరంగా ఒక్క పత్రియోతిస్ ఉన్నాడు. ఆయన ప్రస్తుతం తాష్కెంట్‌లో ఉన్నాడు. మిగతా మనమందరం ఒట్టి పౌరులం. సెలవు."

చదవరని తెలుసు. మీకు బాణం ఉంది కదా.

ధ్రువపత్రానికి ఇంకా ఆరు వారాలుంది. సార్జెంటుతో మీరేం మాట్లాడొద్దు. మీరు రాసిన వాక్యం మా ఇంటికి ఒకటి చాలు.

పొలిక్సేని


కరిదోరాహి,
1961 ఏప్రిల్ 16

పొలిక్సేనికి,

ఈస్టరు పండుగ సుఖముగా జరిగినది. అమ్మ ఎర్ర గుడ్లు నీ వాటా పక్కన పెట్టించినది.

మార్చి ఇరువదియైదున బాణము గురించియే మాటలాడితిని. చప్పట్లు కొట్టిరి. జిల్లా అధికారి మధ్యలో ఒకసారి మేల్కొనిరి. అంతయు ముగిసి ఇంటికి వచ్చుచుండగా అమ్మ నా చేయి పట్టుకొని నడచుచు, "బాణం బాణం అన్నావు కదరా, ఇంతకీ అది ఎవరికి తగిలింది?" అన్నది.

ఆవిడకి తెలుసో తెలీదో ఇప్పటికీ నాకు తెలీదు. పదకొండేళ్ళుగా అడగలేదు.

బుధవారం విచారణ జరిగింది. కాఫీ కొట్టులోనే. సాక్షులు ముగ్గురు, గాడిదల జీకోస్, ఆంథులా, నేను. అమ్మని ఎవరూ పిలవలేదు, పొయ్యి పక్కన ముందే వచ్చి కూర్చుంది, ఒళ్ళో పిట పళ్ళెం పెట్టుకుని. నీ గురించి అడిగిన మూడు ప్రశ్నలూ సాఫీగా అయిపోయాయి. నాలుగోది వచ్చింది. సార్జెంటు గొంతు సవరించుకుని చదివాడు. "తండ్రి స్తెర్యోస్ పత్రియోతిసా, కాదా?"

జీకోస్ తెల్లబోయాడు. "ఎవరూ, మన స్తెర్యోసా? పత్రియోతిస్ కాకపోతే మరెక్కడివాడండీ? వాగు పక్కిల్లు. మా అమ్మే బొడ్డు కోసింది."

"అది కాదయ్యా నేనడిగేది..."

"రాసుకోండి రాసుకోండి," అంది ఆంథులా. "పత్రియోతిసే. వాళ్ళ తాతా పత్రియోతిసే. వాళ్ళమ్మ తరఫు మటుకు పైఊరు వాళ్ళు, అది దాచేదేముంది?"

అప్పుడు అమ్మ అడిగింది. "నువ్వెక్కడివాడివి నాయనా?"

"మానీ, అవ్వా. దక్షిణాన."

"అయితే నువ్వు కాదులే. స్తెర్యోస్ పత్రియోతిస్. నువ్వు పరాయివాడివి. ఏం పర్లేదు, కూర్చో. పిట తిను."

కొట్టంతా నవ్వారు. సార్జెంటు నవ్వలేదు. వెర్రివాడు కాదతను. కలం గాల్లో పట్టుకుని నా వంక చూశాడు. "మాస్టారూ, మీరు చదువుకున్నవాళ్ళు. వీళ్ళు చెబుతున్న మాటా, ఈ ఫారం అడుగుతున్న మాటా ఒకటేనా?"

కాదని చెప్పడం నాకెంత సేపు? ముప్ఫై ఏళ్ళు చేసిన పని అదే కదా, ఎవరేం మాట్లాడినా అది తప్పని చెప్పడం. జీకోస్‌కి ఆ తేడా తెలీదు, ఆంథులాకి తెలీదు. ఆ గదిలో తెలిసింది నాకూ, బహుశా అతనికీ. అమ్మ నన్నే చూస్తోంది. పిట కొయ్యడం ఆపింది.

"ఒకటే మాట సార్జెంటుగారూ," అన్నాను. "ఏథెన్స్ నిఘంటువు వాళ్ళని కనుక్కున్నాను. మొదట్నించీ అర్థం ఇదేనట."

"ఖాయమేనా?"

"నా దగ్గర రాతపూర్వకంగా ఉంది."

అతను కలం బల్ల మీద పెట్టాడు. తర్వాత, "మా నాన్న కూడా ఓడ మీద పోయి తిరిగి రాలేదు లెండి," అని ఫారం నా వైపు తోశాడు. "మూడో సాక్షి తన చేత్తో రాయాలి."

రాశాను. "స్తెర్యోస్ పత్రియోతిస్." పెద్ద ఓ తో రాశాను పొలిక్సేనీ. చెయ్యి చిన్న ఒ కే పోయింది, ఆపి, తిప్పి రాశాను. కొంచెం అలికినట్టుంటుంది, అది సిరా మరకే, ఇంకేం కాదు.

అమ్మ నాకూ ఒక పిట ముక్క పెట్టింది. పదకొండేళ్ళలో తన చేత్తో పెట్టడం ఇదే.

పెదనాన్న


ఏథెన్స్,
1961 మే 3

పత్రియోతీ,

ధ్రువపత్రం ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన అందింది. గడువుకి రెండు రోజుల ముందు. కర్నలు మేనకోడలు ఈ ఏడు ఇంట్లోనే ఉంటుంది. నాకు థ్రేస్‌లో ఒక పొగాకు ఊరు ఇచ్చారు. నా సామాజిక భావాలు నిర్మలంగా ఉన్నాయట. ఎందుకయ్యా అంటే మా నాన్న వాగు పక్కింట్లో పుట్టాడు కాబట్టి. ఇంత పెద్ద రాజ్యయంత్రం, ఇన్ని ఫైళ్ళు, ఇంత నువ్వులపొడి, అన్నీ కలిపి గాడిదలు తోలే జీకోస్ పాటి కనిపెట్టలేకపోయాయి. నకలు నాకిచ్చారు. మరక చూశాను. పెద్ద ఓ గుండ్రంగా బాగానే కుదిరింది.

మామూలు భాష మీకు వచ్చని నాకు ఇరవై మూడేళ్ళుగా తెలీదు. బాగా రాస్తారు. అదే భాషలో 1949 నాటి వాక్యం రాసి ఉంటే ఎలా ఉండేదో ఆలోచించాను. "మా తమ్ముడు ఈ ఊరివాడు కాడు." రాయలేకపోయేవారు. ఎవరూ రాయలేరు. అందుకే ఆ భాష కావలసి వచ్చింది మీకు.

ఉత్తరం చివర 'పెదనాన్న' అని సంతకం పెట్టారు. ఇన్నేళ్ళలో మొదటిసారి. చాలాసేపు చూశాను దాన్ని. మీరు ఆ గదిలో చేసింది చిన్న పని కాదు, తెలుసు. ఒక్క ముక్క అబద్ధం లేకుండా చేశారు, అదింకా కష్టం. దానికి నా ఉద్యోగం మీకు రుణపడి ఉంటుంది. నేను కాదు.

మీరు ఆయన్ని 'కాడు' అన్న రోజు ఆయనకి అన్నగా ఉండడం మానేశారు. అన్న కానప్పుడు నాకు పెదనాన్న ఎలా అవుతారు? ఇన్నాళ్ళూ అలవాటుగా పిలిచాను. ఇకమీదట ఈ ఉత్తరం మొదట్లో పిలిచినట్టు పిలుస్తాను. ఒకే ఊరివాళ్ళం. అంతవరకే. దాన్ని మీరు ఆయన దగ్గర్నించి తియ్యలేకపోయారు, నేను మీ దగ్గర్నించి తియ్యలేను.

నిఘంటువు కొలువు వదిలే ముందు ఆఖరి చీటీ ఒకటి రాసి పెట్టెలో వేశాను. చిన్న ఒ తో రాసిన రూపం గురించి. "ఒకే వ్యక్తి వాడినది. 1949లో మొదలు. 1961 నుంచి వాడుకలో లేదు." పెద్దలు దాన్ని ఉంచుతారో చింపేస్తారో నాకు తెలీదు.

నా వాటా ఎర్ర గుడ్లు నానమ్మని తినమనండి. ఆవిడ ఉత్తరాలు ఇకనుంచి మీరు రాసిపెట్టండి, ఆవిడ అన్నది అన్నట్టు. ఆంథులా మోకాళ్ళు నాకిక వద్దు.

ఎప్పుడైనా ఏథెన్స్ వస్తే చలికాలంలో రండి. ఒమోనియా మూల ఆ చెస్ట్‌నట్‌లవాడు ఉంటాడు. ఊరి పేరు చెప్పండి. పొట్లం మీద ఒక గుప్పెడు కొసరు పోస్తాడు. మీరెవరో, ఏం చేశారో అడగడు, వాగు చుట్టుపక్కల వాళ్ళెవరికైనా పోస్తాడు. నా దగ్గర కూడా మీకు అంతే ఉంది.

మీ ఊరమ్మాయి,
పొలిక్సేని